ఝాన్సీ అడిగిన సెలవు

అది 2022. కోవిడ్ భయం తగ్గి జనం మళ్ళీ మాస్కులు తీసి నోరు తెరుస్తున్న రోజులు. పళ్ళ డాక్టర్లకి అంతకన్నా ఏం కావాలి? విజయవాడ భవానీపురంలో మా క్లినిక్‌కి ఒక్కసారిగా రద్దీ పెరిగింది. రెండేళ్ళుగా పంటినొప్పిని లవంగంతో, మాత్రలతో నెట్టుకొచ్చిన వాళ్ళందరూ వరసకట్టారు. నేనక్కడ మేనేజర్ని. అపాయింట్‌మెంట్లు, మందుల స్టాకు, ఏసీ రిపేరు అన్నీ చూసుకునేదాన్ని కానీ, నా అసలు పని పేరోల్.

"పళ్ళ ఆసుపత్రిలో పేరోల్‌కి ఒక మనిషి ఎందుకండీ? నలుగురు స్టాఫు, నెలాఖరుకి జీతాలేస్తే అయిపోయె" అని మా చుట్టాలే అంటుంటారు. అంత తేలికైతే నా జుట్టు ఇంత తొందరగా నెరిసేది కాదు. మాకు రెండు బ్రాంచీలు. రూట్ కెనాల్ చేసే డాక్టరూ, పళ్ళకి క్లిప్పులు వేసే డాక్టరూ వారంలో కొన్ని పూటలే వస్తారు. వాళ్ళకి జీతం ఉండదు, కేసుకింతని ఫీజు. రిసెప్షన్, అసిస్టెంట్లు, ఆయాలు మాత్రం నెల జీతం మీద ఉంటారు. వాళ్ళకి పీఎఫ్ కట్టాలి, అంటే రేపటి కోసం దాచే డబ్బు. ఈఎస్ఐ కట్టాలి, అంటే జబ్బుకీ కాన్పుకీ అండ. ఎవరికి ఎన్ని సెలవులు మిగిలాయో, ఎవరికి లాస్ ఆఫ్ పే పడుతుందో, అంటే సెలవులైపోయాక రాని రోజులకి జీతం కోత ఎంతో, అదంతా నేనే చూడాలి. నలుగురి ఇళ్ళలో పెళ్ళిళ్ళూ, జ్వరాలూ, తగాదాలూ అన్నీ ముందు నా టేబుల్ దగ్గరికే సెలవు చీటీలుగా వచ్చేవి.

ఝాన్సీ మా సీనియర్ అసిస్టెంటు. ముప్పై ఆరేళ్ళు ఉంటాయి. మా పెద్ద డాక్టరు వసుంధర గారు పేషెంటు నోట్లోంచి చూపు తిప్పకుండా చెయ్యి చాపితే, కావలసిన పరికరం ఆ చేతిలో ఉండేది. ఒక్క మాట అక్కర్లేదు. చిన్నపిల్లల కేసులన్నీ ఝాన్సీకే పడేవి. "నీ నోట్లో పురుగుగాడున్నాడంట, వాణ్ణి చూద్దామా?" అని వాళ్ళని నవ్వించి కుర్చీ ఎక్కించేది. పెళ్ళై పదేళ్ళు దాటినా ఆమెకి పిల్లల్లేరు. ఆ సంగతి మేమెవరం ఎత్తేవాళ్ళం కాదు. భర్త ప్రసాదుది నేత కుటుంబం. చేనేత చీరలు తెచ్చి వన్‌టౌన్‌లో చిన్న కొట్టు నడుపుతాడు.

ఒకరోజు పొద్దున్నే పరికరాలు స్టెరిలైజ్ చేసే గదిలోంచి ఝాన్సీ నా దగ్గరికి వచ్చింది. చేతులకి గ్లవ్స్ అలాగే ఉన్నాయి. ఒక చేతిలో ఫోను. మొహం చూస్తే ఎవరో పోయారేమో అనుకున్నాను.

"అక్కా, నాకెన్ని సెలవులున్నాయి?"

"పన్నెండో పదమూడో ఉంటాయి. ఏమైందే? అత్తగారికేమన్నా..."

"కాదక్కా. పాప వచ్చింది."

నాకర్థం కాలేదు. తను గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయింది. అప్పుడు చెప్పింది. దత్తత కోసం ప్రభుత్వం వాళ్ళ దగ్గర పేరు రాయించుకుని నాలుగేళ్ళయిందట. రాకపోతే నవ్వులపాలవుతామని క్లినిక్‌లో ఎవరికీ చెప్పలేదట. సీమలో ఒక శిశుగృహంలో రెండున్నరేళ్ళ ఆడపిల్ల ఉంది, వచ్చి చూసుకుని తీసుకెళ్ళమని ఇందాకే ఫోను.

"పేరు వెన్నెలంట అక్కా. వాళ్ళే పెట్టారంట. ఫొటో చూడు."

బాబ్‌కట్ జుట్టు, పెద్ద పెద్ద కళ్ళు, పొడుగైపోయిన గౌను. కెమెరాలోకి సూటిగా చూస్తోంది పిల్ల. నవ్వట్లేదు, ఏడవట్లేదు.

ఝాన్సీని దగ్గరికి తీసుకుని "నువ్వు నిశ్చింతగా వెళ్ళిరా, సెలవు సంగతి నేను చూస్తా" అన్నాను. దత్తత తీసుకున్న తల్లికి కూడా జీతంతో సెలవు ఉంటుందని నాకు తెలుసు. ఆ ధైర్యంతోనే మాటిచ్చాను. మధ్యాహ్నం మా పీఎఫ్, ఈఎస్ఐ పనులు చూసిపెట్టే కన్సల్టెంటు మూర్తి గారికి ఫోన్ చేస్తే నా ధైర్యం కాస్తా జారిపోయింది.

"పిల్ల వయసెంతండీ?"

"రెండున్నరేళ్ళు."

"అయితే రాదండీ. మూడు నెలల లోపు పసిబిడ్డని తీసుకుంటేనే ఆ సెలవు."

"అదేంటండీ? దత్తత కాగితాలు కదిలేసరికే ఏ పిల్లకైనా మూడు నెలలు దాటిపోతాయి కదా?"

"మీరన్నది నిజమేనండీ. కానీ నిబంధన అలాగే ఉంది మరి."

వసుంధర గారు పిల్ల వస్తోందని సంబరపడ్డారు. ఝాన్సీ చేతిలో చీర పెట్టి పంపారు. సెలవు మాట వచ్చేసరికి మాత్రం కాస్త వెనకాడారు. "రద్దీ చూస్తున్నారుగా అన్నపూర్ణ గారూ. కొత్త కుర్చీకి తీసుకున్న లోను కూడా ఉంది. ఆమెకున్న సెలవులు వాడుకోనివ్వండి. తర్వాత చూద్దాం." ఆవిడ కఠినాత్మురాలేమీ కాదు. రెండు బ్రాంచీలు నడిపే మనిషికి ఉండే భయం అది.

ఝాన్సీ వెళ్ళింది, పిల్లని తెచ్చుకుంది. సెలవులైపోయాక డ్యూటీకొచ్చింది. మేమంతా చుట్టూ మూగాం. ఫొటోలు చూపించింది, స్వీట్లు పంచింది. కానీ తన కళ్ళ కింద నలుపు నాకు కనిపిస్తూనే ఉంది. మధ్యాహ్నం కేరేజీ విప్పి అన్నం కలుపుతూ ఆగిపోయింది.

"పాప నన్ను అమ్మా అంటోందక్కా."

"అంతకంటే ఏం కావాలే!"

"మా అత్తయ్యనీ అమ్మా అంటోంది. పక్కింటావిడనీ అమ్మా అంటోంది. పాలు పోసేవాణ్ణి కూడా అమ్మా అంది." నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు. "శిశుగృహంలో చూసుకునే ఆయాలందర్నీ అమ్మా అనే పిలుస్తారంట. దానికి అమ్మంటే ఒక మనిషి కాదక్కా. అన్నం పెట్టే వాళ్ళెవరైనా అమ్మే."

ఆ నెలంతా ఝాన్సీ మనిషి ఇక్కడ, మనసు అక్కడ. వసుంధర గారు చెయ్యి చాపితే ఒక్కోసారి ఆ చేతిలోకి ఏమీ వచ్చేది కాదు. ఆవిడ ఏమీ అనలేదు, కానీ అది ఝాన్సీకి దెబ్బలాగే తగిలేది. నెలాఖరు దగ్గరపడుతుండగా నా టేబుల్ దగ్గరికొచ్చి, "ఈ నెలతో నా పేరు తీసెయ్యక్కా" అంది.

"తీసేస్తే ఇల్లెట్లా గడుస్తుంది? కొట్టు సంగతి నాకు తెలీదా?"

"గడవదు. అయినా పొద్దున నేను చెప్పులేసుకుంటుంటే అది నా వంక చూడను కూడా చూడదక్కా. వెళ్ళొద్దని ఏడిస్తే బాగుండు. ఏడవదు. వెళ్ళేవాళ్ళు వెళ్తారు, ఇంకొకళ్ళు వస్తారు అన్నట్టు కూచుంటుంది. నేనూ ఇంకో ఆయానే అయిపోతున్నా."

మానేసే మనిషికి ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ అని ఒకటుంటుంది. రావలసినవి, పోవలసినవి అన్నీ తేల్చి చేతిలో పెట్టి పంపడం. దానికి సంతకాలు కావాలి. ఝాన్సీనే పిలిచి తీసుకోవచ్చు. కానీ నాకా పిల్లని చూడాలనిపించింది. అరటిపళ్ళూ, ఒక రబ్బరు బంతీ కొనుక్కుని ఆ ఆదివారం సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను.

కృష్ణ ఒడ్డుకి దగ్గర్లో ఒక డాబా ఇంట్లో పైవాటా వాళ్ళది. ఝాన్సీ అత్తగారు గుమ్మంలో పీట మీద కూర్చుని పిల్లకి పెరుగన్నం తినిపిస్తోంది. మోకాళ్ళ నొప్పులతో మగ్గం దిగి ఏళ్ళయినా ఆవిడ మాటలన్నీ మగ్గం చుట్టూనే తిరుగుతాయి. "రామ్మా, కూర్చో" అని, నా చూపు పిల్ల మీద పడటం చూసి మెల్లగా అంది. "తెగిన పోగమ్మా ఇది. వేళ్ళతో తడిచేసి నిదానంగా అతకాలి. తొందరపడి లాగితే మళ్ళీ తెగుద్ది."

వెన్నెల నన్ను తలెత్తి చూసింది. "అమ్మా" అంది. బంతి ఇస్తే తీసుకుంది. నేను కూర్చున్నంతసేపూ నా పక్కనే కూర్చుంది. ఎంత బుద్ధిమంతురాలో అనుకున్నాను.

లేచి బయల్దేరుతుంటే ఒక్కసారిగా ఎక్కడికో పరుగెత్తింది. తన చిన్న చెప్పులు వెతుక్కుని, ఎడమదీ కుడిదీ తారుమారుగా తొడుక్కుని, నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని నిలబడింది. నాతో రావడానికి.

"ఎక్కడికే తల్లీ?" అన్నాను.

మెట్ల వైపు చూపించింది. వెనక్కి తిరిగి ఝాన్సీ వంక ఒక్కసారి కూడా చూడలేదు. ఎవరో ఒకరు వస్తారు, చెయ్యి పట్టుకుంటారు, వెళ్ళాలి. ఆ పిల్లకి తెలిసిన లోకం అంతే.

ఝాన్సీ తలుపు పట్టుకుని నిలబడి ఉంది.  వచ్చి పిల్లని ఎత్తుకుంది. పిల్ల మారాం చెయ్యకుండా ఆమె భుజం మీద కూడా అంతే బుద్ధిగా ఒదిగిపోయింది. నేను సంచిలో కాగితాలు సంచిలోనే ఉంచుకుని మెట్లు దిగాను. ఆటోలో కూర్చున్నాక నాకు ఏడుపాగలేదు. డ్రైవరు అద్దంలో చూసి, "ఏమ్మా, ఎవరికన్నా బాగోలేదా?" అని అడిగాడు.

మర్నాడు పేషెంట్లు మొదలుకాకముందే వసుంధర గారికి అంతా చెప్పాను. "మేడం, ఈ పిల్లకి ఇప్పుడు కావలసింది రోజూ కళ్ళముందు ఉండే ఒకే మనిషి. కొన్ని నెలలు మనమే జీతంతో సెలవిద్దాం."

ఆవిడ గ్లవ్స్ తొడుక్కున్నారు. "నాకూ ఇవ్వాలనే ఉంది. రేపు ఇంకొకరొచ్చి మాకూ ఏదో కష్టం అంటే? ఒకరికిచ్చి ఒకరికి కాదంటే మీ పేరోల్ ఏమవుతుంది?"



ఆ ప్రశ్నకి జవాబు వెన్నెల పళ్ళు తెచ్చాయి. పిల్ల చల్లటి నీళ్ళు తాగితే మొహం ముడుచుకుంటోందని ఝాన్సీ ఆ వారంలోనే దాన్ని క్లినిక్‌కి తెచ్చింది. ముందు పాలపళ్ళు నాలుగూ పుచ్చి ఉన్నాయి. పంచదార వేసిన పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పిల్లలకి అలా అవుతుంది.

ఇంత చిన్నపిల్లల్ని కుర్చీలో పడుకోబెట్టరు. తల్లీ డాక్టరూ ఎదురెదురుగా మోకాళ్ళు ఆనించి కూర్చుంటారు. పిల్ల కాళ్ళు తల్లి నడుముకి అటూ ఇటూ వేసి, తల డాక్టరు ఒళ్ళో పెడతారు. పిల్ల కళ్ళెత్తితే తల్లి మొహం కనపడుతుంది. ఏ పిల్లయినా అక్కడ ఆకాశం బద్దలయ్యేలా ఏడుస్తుంది. అది మామూలే. ఏడుపుకి నోరు తెరుచుకుంటుంది కాబట్టి మాకు పనీ అయిపోతుంది.

వెన్నెల ఏడవలేదు. పడుకోమంటే పడుకుంది. "ఆ అనమ్మా" అంటే అంది. దూదితో పళ్ళు తుడిచి, పుచ్చిన చోట మందు పూస్తున్నంతసేపూ పైకప్పు వంక చూస్తూ ఉంది. ఝాన్సీ చెయ్యి తన చేతి పక్కనే ఉన్నా పట్టుకోలేదు. ఒక్కసారి నొప్పి పుట్టినట్టుంది, కాలి వేళ్ళు ముడుచుకున్నాయి. అంతే.

పక్క కుర్చీ దగ్గర శిరీష అనే ఇంకో అసిస్టెంటు, "అబ్బ, ఎంత మంచి పిల్లో!" అంది.

 ఝాన్సీ పిల్లని తీసుకుని బయటికెళ్ళాక వసుంధర గారు మాస్కు కిందకి లాగి నా వంక చూశారు.

"ఇన్నేళ్ళలో నేను చూసిన పిల్లలందరూ ఏడ్చారు అన్నపూర్ణ గారూ. ఈ వయసు పిల్ల నొప్పి పుడితే ఏడవలేదంటే, ఏడ్చినా ఎవరూ రారని దానికి ఎప్పుడో తెలిసిపోయిందన్నమాట." గ్లవ్స్ విప్పుతూ, "ఆ సెలవేదో రాయండి. ఝాన్సీ ఒక్కదానికే కాదు, ఎవరికైనా. మీ పేరోల్‌కి ఎలా కుదురుతుందో మీరే చూసుకోండి" అన్నారు.

మూర్తి గారికి మళ్ళీ ఫోన్ చేశాను. "ఈఎస్ఐ ఇవ్వదన్నారు. మేమే ఇస్తే తప్పేమన్నా అవుతుందాండీ?"

"తప్పెందుకవుతుందండీ? చట్టం ఇంతకన్నా తక్కువ ఇవ్వొద్దంటుంది. ఎక్కువ ఇవ్వొద్దని ఎక్కడా అనలేదుగా!" అని పెద్దగా నవ్వారాయన.

మూడు నెలలు పూర్తి జీతంతో సెలవు. ఆ తర్వాత మూడు నెలలు మధ్యాహ్నం దాకానే డ్యూటీ, జీతంలో కోత లేదు. పిల్ల పుట్టి వచ్చినా, దత్తతకి వచ్చినా, ఏ వయసులో వచ్చినా ఇదే రూలు. చట్టం ప్రకారం వచ్చేది పోను తక్కువైనంత మేరకు మేమే భర్తీ చేస్తాం. రెండో బ్రాంచి నుంచి ఒకమ్మాయిని ఇటు మార్చి, డ్యూటీలు తిరగరాశాను.

అందరూ చప్పట్లు కొట్టారని చెప్పను. శిరీష మొహం మాడ్చుకుంది. "నా పెళ్ళికి వారమే ఇచ్చారు. అప్పుడు ఎంత బతిమాలాను! ఇప్పుడు ఆమె పని కూడా నేనే చెయ్యాలా?" అంది. తను అడిగిందాంట్లో అన్యాయం లేదు. నేను సర్ది చెప్పబోలేదు. "చెయ్యాల్సొస్తుంది శిరీషా. రేపు నీకు అవసరమైనప్పుడు ఝాన్సీ చేస్తుంది" అన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు నేను కంప్యూటర్లో ఈ సెలవుకి ఏ పేరు పెట్టాలా అని తంటాలు పడుతుంటే వెనకనించి వచ్చి, "అమ్మ సెలవు అని పెట్టండి, సరిపోద్ది" అని వెళ్ళిపోయింది. అదే పెట్టాను.

సెలవుకి ముందు వసుంధర గారు ఝాన్సీని పిలిచి ఒకటే చెప్పారు. "బొమ్మలు కొనకు. చదువు చెప్పకు. ఊరికే ఇంట్లో ఉండు. అది చూసినప్పుడల్లా నువ్వు కనపడాలి."

ఝాన్సీ అలాగే ఉంది. అప్పుడప్పుడూ ఫోన్ చేసేది. మొదట్లో ఏ కబురూ ఉండేది కాదు. ఒకరోజు, "ఇవాళ నేను బాత్రూంకి వెళ్తే తలుపు కొట్టిందక్కా" అంది. ఇంకో రోజు, "పక్కింటావిడ పిలిస్తే వెళ్ళలేదు" అంది. ఇంకోసారి ఉన్నట్టుండి, "అన్నం పళ్ళెం విసిరికొట్టింది! ఎంత గట్టిగా విసిరిందో!" అంది. ఒక తల్లి ఆ మాట అంత సంతోషంగా చెప్పడం నేనెప్పుడూ వినలేదు.

పూటపని మొదలైన కొత్తలో వెన్నెల పళ్ళకి రెండో విడత పని పడింది. పుచ్చినవి శుభ్రం చేసి సిమెంటు పెట్టాలి. ప్రసాదు కొట్టు మూసి పిల్లని తీసుకొచ్చాడు. ఝాన్సీ లోపల ఇంకో పేషెంటు దగ్గర ఉంది. నేనే ఎత్తుకుని లోపలికి తీసుకెళ్దామని చేతులు చాపాను.

వెన్నెల ఒక అడుగు వెనక్కి వేసింది. నా మొహంలోకి చూసి, స్పష్టంగా అంది. "నువ్వు కాదు. నువ్వు పెద్దమ్మ."

నేను చేతులు అలాగే చాపుకుని ఉండిపోయాను. ప్రసాదు, "ఝాన్సీ నేర్పిందండీ. మీరు తనకి అక్కగదా" అన్నాడు.

"అమ్మ ఏదీ?" అంది వెన్నెల.  "అమ్మ కావాలి. అమ్మా!" వెయిటింగ్ హాల్లో కూర్చున్న వాళ్ళందరూ తలలు తిప్పారు. ఆ పిల్ల నేలమీద కూలబడి, కాళ్ళు తపతపా కొడుతూ ఏడుపు అందుకుంది. అంత చిన్న ఒంట్లో అంత ఏడుపు ఎక్కడ దాచుకుందో! ఝాన్సీ గ్లవ్స్ ఊడబీక్కుంటూ పరుగెత్తుకొచ్చి ఎత్తుకుంది. పిల్ల రెండు చేతులతో మెడ చుట్టేసింది. ఎవరు విడదీయబోయినా ఊడేలా లేదు.

వసుంధర గారు గుమ్మంలోకి వచ్చారు. "మందు పెట్టేదాకా ఊరుకోబెడదామా మేడం?" అంది శిరీష.

"వద్దు" అన్నారావిడ. "ఏడవనివ్వండి. ఎంతసేపు ఏడుస్తుందో ఏడవనివ్వండి." మాస్కు పైన ఆవిడ కళ్ళు తడిసి ఉన్నాయి. ఆ రోజు సిమెంటు పెట్టడం కాలేదు. మరుసటి వారం అయింది. అప్పుడు కూడా వెన్నెల తల్లి కళ్ళలోకి చూస్తూ క్లినిక్ దద్దరిల్లేలా ఏడ్చింది. మేమెవరం "ఊరుకో" అనలేదు.

తర్వాత వెన్నెల చట్టప్రకారం వాళ్ళ కూతురేనని దత్తత ఆర్డరు వచ్చింది. ఈఎస్ఐలో ఝాన్సీ కుటుంబం కింద కూతురి పేరు నేనే ఎక్కించాను. కిందటేడు శిరీషకి బాబు పుట్టాడు. ఈఎస్ఐ సెలవు అయిపోయాక కూడా వాడికి ఒంట్లో బాగుండక తను కొన్ని నెలలు పూటపనే చేసింది. మిగతా పూట ఆమె కుర్చీ దగ్గర నిలబడింది ఝాన్సీయే. ఆ రోజుల్లో ఇద్దరూ పనుల పంపకం మీద పోట్లాడుకున్నారు కూడా. అదీ మామూలే.

ఇప్పుడు నా దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు పేరోల్ నేర్చుకుంటున్నారు. సాఫ్ట్‌వేరు నాకన్నా వాళ్ళకే బాగా వచ్చు. నేను చెప్పగలిగింది ఒకటే. ఎవరన్నా సెలవడిగితే, ఎన్ని మిగిలాయని చూడబోయే ముందు ఎందుకో అడగండి అంటాను. విన్నాక రూలు లేదని తేలితే, అక్కడితో మన పని అయిపోయిందనుకోవద్దంటాను. కట్టిన గోడకి కూడా తలుపు పెట్టుకోవచ్చు, పెట్టే వాళ్ళు ఉండాలి గానీ.

మొన్న మధ్యాహ్నం భోజనాల దగ్గర ఝాన్సీ ఒకటే గోల. "బడికి పోనంటుందక్కా, పళ్ళు తోమనంటుంది, నేను తిడితే నాయనమ్మ వెనకాల దాక్కుని నాకే ఎదురు చెబుతుంది. మా ఇంట్లో రాక్షసి పుట్టింది!"

 శిరీష నవ్వుతూ తన కేరేజీలోంచి గోంగూర పచ్చడి తీసి ఝాన్సీ కంచంలో వేసింది. మా అందరి పిల్లల మీదా మేం చెప్పుకునే చాడీల్లో వెన్నెల మీది చాడీలు కూడా కలిసిపోయాయి.